మామ కొన్న బండి, పెద్దమ్మ వేసిన చెయ్యి

పోయిన వారం గ్రంథాలయంలో పేపరు తిరగేస్తూ పైకే నవ్వేశాను. పేజీ నిండా ఒక పికప్ బండి ప్రకటన. బండి మంచుకొండ మీద నిలబడి ఉంది. చక్రాల కింద మంచు, వెనక దేవదారు చెట్లు, బండి తోకకు తగిలించి ఒక తెల్లటి పడవ. అంత ఎత్తుకి, అంత చలిలో, పడవను ఎవరు ఎందుకు లాక్కెళ్తారో ఆ బొమ్మ వేయించినవాళ్ళకే తెలియాలి. గ్రంథపాలకుడు కళ్ళజోడు పైనుంచి నావైపు చూశారు. "ఏం లేదు సార్, మా మామ గుర్తొచ్చినాడు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఎట్లా అవుతుంది? పడవ లాగడానికీ చలికాలంలో కొండ ఎక్కడానికీ ఒకే బండి కావాలని పట్టుబట్టిన మనిషి ఈ నెల్లూరు తీరం మొత్తానికీ మా మామ ఒక్కడే అయి ఉంటాడు. ఆ బండిని ఎంచి పెట్టే పని నా నెత్తిన పడింది.

నా నెత్తినే ఎందుకు పడిందో చెప్పాలి. నేను బడికి పోయింది ఏడో తరగతి దాకానే. ఆ తర్వాత చేపలు ఎండబెట్టడం, పెళ్ళి, పిల్లలు. కానీ మా పాళేనికి నాలుగు మైళ్ళ దూరంలో మండలకేంద్రంలో శాఖా గ్రంథాలయం ఒకటి ఉంది. ఎండుచేపల గంప సంతలో దించి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని అక్కడికి వెళ్ళేదాన్ని. అయినా నేను కూర్చున్న బల్ల దగ్గర మరొకరు కూర్చునేవాళ్ళు కాదు, అదీ ఒకందుకు మంచిదే అయింది, ప్రశాంతంగా చదువుకున్నాను. ఏ పుస్తకం అని చూసుకోలేదు. తేనెటీగల పెంపకం, గుండెజబ్బులు, ఎడారి ప్రయాణాలు, డీజిల్ ఇంజను మరమ్మతు, ధ్రువప్రాంతాల జంతువులు, అన్నీ బీరువాలో ఉన్న వరసలోనే చదివాను. నాలుగు బీరువాలు పూర్తి చేశానని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. పాళెంలో మందుసీసా మీద ఏముందో, కరెంటు బిల్లు ఎందుకు ఎక్కువొచ్చిందో, నోటీసులో ఏం రాశారో తెలుసుకోవాలంటే మా ఇంటికే వచ్చేవాళ్ళు. "దానికి తెలియనిది లేదబ్బా" అని మామ నలుగురిలో అంటుంటే నేను వినబడనట్టు ఎండుచేపలు తిరగేస్తూ ఉండేదాన్ని. వినబడేది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. వేటకు పోయే రోజుల్లో చుక్కాని పట్టడంలో ఆయనకు సాటి లేదు. ఒడ్డుకు వచ్చేటప్పుడు ఏ అలను వదిలెయ్యాలో, ఏ అల వీపునెక్కాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అట్లాంటి మనిషికే ఒకనాడు ఒడ్డు అలలో పడవ అడ్డం తిరిగి ఎడమ మోకాలికి కొట్టింది. నడక వచ్చింది గానీ, ఊగే పడవలో నిలబడే బలం మళ్ళీ రాలేదు. ఏడాదిపాటు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేశాడు. ఐసు ఫ్యాక్టరీ వ్యాను నడపడం అంతకుముందే నేర్చుకుని ఉన్నాడు, వేట నిషేధం ఉండే నెలల్లో. ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చుని, "పాపా, ఒక బండి తీసుకుందామనుకుంటా ఉండా. పడవల్ని నీళ్ళలోంచి ఇసక దాటించి పైకి లాగాల. మిగతా టయంలో మనూరి చేపలు కొండెక్కించి మదనపల్లెకి తోలాల. ఆడ చలికాలంలో చేపకి గిరాకీ బాగుంటదంట. నాకు ఇంజన్ల గురించి ఏం తెలుసు? నువ్వు చూసి చెప్పు" అన్నాడు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చదివిందంతా ఒక్కసారి పనికొచ్చే రోజు వచ్చిందనిపించింది. మర్నాడే గ్రంథాలయానికి పోయి మోటారు బండ్ల పుస్తకాలు ముందేసుకున్నాను. ఇసకలో చక్రం ఎందుకు దిగబడుతుంది, లాగే బలం వేరు వేగం వేరు, ఖాళీ పికప్‌కి వెనకభాగం తేలికై చక్రాలు పట్టు తప్పడం, పొగమంచులో లైటు పైకి కాక కిందికి వేయాలని, దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే అది కాలిపోతుందని, ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని, అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. మంచుదేశాలవాళ్ళు చలికాలంలో పికప్ వెనక ఇసక మూటలు వేసుకుని తిరుగుతారని కూడా ఉంది. ఇసక మధ్యలో పుట్టినదాన్ని గనక ఆ మాట నాకు భలే నచ్చింది.

తిరిగి తిరిగి చివరికి రెండు బండ్ల దగ్గర ఆగాం. రెండూ పాతవే. ఒకటి ముత్తుకూరు వైపు రేవు పనులు చేయించే ఒక కంట్రాక్టరుది. నాలుగు చక్రాలూ తిరిగే బండి, ఏనుగంత ఇంజను, వెనక పెద్ద కొక్కెం. రెండోది నెల్లూరులో కూరగాయలు తోలిన మామూలు పికప్. వెనక చక్రాలు మాత్రమే తిరుగుతాయి, తలుపు గట్టిగా వేస్తే గానీ పడదు. నేను రెండు పేజీల నిండా గళ్ళు గీసి, ఇది ఎడమవైపు అది కుడివైపు రాసి, పెద్దబండికి పదకొండు మార్కులు, చిన్నబండికి నాలుగు వేశాను. ఆ నాలుగులో ఒకటి రంగుకి.

ఇక్కడ మా పాళెం ఆచారం ఒకటి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పడవ ఒడ్డుకు తగలగానే ఆ దరిదాపుల్లో ఉన్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చి చెయ్యి వేస్తారు. కొందరు తాడు పట్టుకుంటారు, కొందరు అంచు పట్టుకుంటారు, కొందరు పడవ కింద దుంగలు జరుపుతారు. పడవ పొడి ఇసక మీదికి చేరగానే, చెయ్యి వేసిన ప్రతి ఒక్కరికీ పడవవాళ్ళు గుప్పెడు చేపలు వేయాలి. అడగక్కర్లేదు, చెయ్యి వేస్తే చాలు. ఎవరు ఎంత లాగారని చూడరు. చూడకపోవడమే ఆ పద్ధతిలోని మర్యాద. ఎందుకంటే వచ్చేవాళ్ళలో సగం మంది ముసలివాళ్ళు, మగదిక్కు లేని ఆడవాళ్ళు. వాళ్ళ బలంతో పడవ జానెడు కూడా జరగదని అందరికీ తెలుసు. అందరూ తెలియనట్టే ఉంటారు.

వాళ్ళలో అందరికంటే ముందు వచ్చేది మా పెద్దమ్మ. మా అమ్మకు అక్క, మామకు పెద్దక్క. పెదనాన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళు. ఆ గుప్పెడు గుప్పెడూ గంపలో పోగుచేసుకుని లోపలి పల్లెల్లో వరి పండించే ఇళ్ళకు తీసుకెళ్ళి, చేపలిచ్చి బియ్యం తెచ్చుకునేది. ఆ బియ్యంతోనే ఆమె పొయ్యి వెలిగేది. తమ్ముడు ఎన్నిసార్లు పిలిచినా ఆ ఇంట్లో పండగపూట తప్ప ముద్ద ముట్టేది కాదు. "చెయ్యాడినన్నాళ్ళు నా గంజి నేను తాగతా. ఊరికే పెడితే తినేదానికి నేనేమన్నా ఇంటల్లుడినా?" అనేది.

కార్తీకంలో, రెండు వాయుగుండాల మధ్య సముద్రం కాస్త ఊపిరి పీల్చుకున్న రోజున, పెద్దబండిని పరీక్షకు తెప్పించాం. కంట్రాక్టరు డ్రైవరు దాన్ని తోలుకొచ్చి తాళాలు మామ చేతిలో పెట్టాడు. నేను ఎడారి పుస్తకంలో చదివినట్టు టైర్లలో సగం గాలి తీయించాను. "గాలి దియ్యడమేంది మే, బండి పడుకుంటదా?" అని ఎవరో అంటే, "చూస్తా ఉండండి" అన్నాను. పడవ వచ్చింది. కొక్కేనికి తాడు కట్టారు. బండి గుర్రుమంది. అంత బరువు పడవ, వలలూ చేపలూ దించకుండానే, వెన్నలో కత్తిలా ఇసకను కోసుకుంటూ పైకి లేచింది. పాళెం మొత్తం కేకలు పెట్టింది. నేను ఆనందం పట్టలేక, అందరికీ వినబడేలా, "ఇంక ఎవురూ చెయ్యెయ్యాల్సిన పన్లేదు!" అని అరిచాను.

కేకలు ఆగిపోయాయి. వరం ఇచ్చినట్టు అన్నాను నేను. అన్న మాట ఏమిటో నాకు ఇంకా తెలియలేదు. నీళ్ళ దగ్గరి ముసలి ఆడవాళ్ళు నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మా పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పరిగెత్తుకుంటూ వెళ్ళి కదిలిపోతున్న పడవ అంచు మీద చెయ్యి వేసింది. మిగతా ముగ్గురూ ఆమె వెనకే. బండి పోతోంది, పడవ పోతోంది, పక్కన వీళ్ళు చెయ్యి తీయకుండా పరుగు. పిల్లలు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి ముగ్గురు వదిలేసి నడుములు పట్టుకుని నిలబడ్డారు. పెద్దమ్మ వదల్లేదు. తడి ఇసకలో కాళ్ళు తడబడుతున్నా, కొప్పు జారిపోతున్నా, ఆ చెయ్యి అంచు మీదే ఉంది. ఆమె లాగడం లేదు. లాగేది బండి. ఆమె తన చెయ్యి అక్కడ ఉందని అందరికీ చూపిస్తోంది, అంతే. 

బండి ఉన్నట్టుండి నెమ్మదించి, మెత్తని ఇసక మధ్యలో ఆగిపోయింది. ఇసకలో మధ్యలో ఆపకూడదని మామకు పదిసార్లు చెప్పి ఉన్నాను. పరిగెత్తుకెళ్ళి, "ఎందుకు ఆపినావు మామా?" అంటే, ఆయన పక్కనున్న అద్దం వైపే చూస్తూ, "అక్క ఆయాసపడతా ఉండాది" అన్నాడు. మిగిలిన దూరం మనుషులే లాగారు. చేపలు పంచేటప్పుడు పడవ యజమాని కొడుకు, కొత్తగా మీసం వచ్చినవాడు, నవ్వుతూ అననే అన్నాడు. "బండి లాగింది గదవ్వా, నువ్వేం లాగినావు?"

పెద్దమ్మ అరచెయ్యి వాడి మొహం ముందు పెట్టింది. "చూడరా. ఇంకా తడారలా. మీ నాయన చిన్నప్పుడు ఈ చేతిలో పడిన గుప్పెళ్ళే తిన్నాడు, పోయి అడుగు."

అందరూ నవ్వారు. నలుగురికీ నాలుగు గుప్పెళ్ళు పడ్డాయి. కానీ ఆ మధ్యాహ్నం పెద్దమ్మ మామ వాకిట్లోకి వచ్చి, గంపలోని కవళ్ళ చేపలు, రెండు రొయ్యలు గడప మీద పెట్టింది. "వాళ్ళ ముందర అడిగినా గాని, లాగని చేపలు నాకు ఒద్దబ్బాయ్. తిన్నా ఒంటికి పట్టవు. నువ్వు బండి కొనుక్కో. నీ కాలు అట్టయింది, నీకు బతుకు కావాల. నేను చూసుకుంటాలే" అంది. కోపంగా అనలేదు, వర్షం వచ్చేట్టుంది అన్నట్టు అంది. గంప బోర్లించి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె ఇంటి నుంచి పొగ రాలేదు.

మర్నాడు నేను నోటుపుస్తకం తీసుకెళ్ళాను. నా పదకొండు మార్కులు నాకే బరువుగా ఉన్నా, చదివినదాని మీద పంతం ఒకటి ఉంటుంది కదా. "మామా, బలంలో గానీ కొండెక్కడంలో గానీ పెద్దబండికి చిన్నది సాటి రాదు. ఒడ్డున చిన్నది ఒక్కటే పడవని లాగలేదు, కింద మనుషులు తొయ్యాల్సిందే" అన్నాను. మామ నా గళ్ళన్నీ వేలితో తడిమి చూశాడు. ఆయనకు అక్షరాలు రావు. "పాపా, శానా బాగా రాసినావు. దీంట్లో మీ పెద్దమ్మ ఏ గడిలో ఉండాది?" అన్నాడు. నేను నోటుపుస్తకం మూసేశాను. "మనుషులు తొయ్యాల్సిందేనా?" అని మళ్ళీ అడిగాడు. "తొయ్యాల్సిందే." "అయితే అదే తీసుకుందాం."

చిన్నబండి వచ్చింది. పాళెంలో ఎగతాళి కొన్నాళ్ళు సాగింది. చదువుకున్న మేనకోడలు ఎంచిన బండిని ముసలమ్మలు తోస్తున్నారని. ఎవరు ఎంచారో నేను చెప్పలేదు, మామా చెప్పలేదు. తాడు బిగుసుకునేది, వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసక చిమ్మేవి, మామ కిటికీలోంచి తల బయటపెట్టి, "తొయ్యక్కా, ఇంకొంచెం! నువ్వు చెయ్యేస్తే గాని కదల్దు ఇది!" అని అరిచేవాడు. పెద్దమ్మ బండి వెనక రేకు మీద చెయ్యి వేసి, "తిండి పెట్టవా దీనికి, ఎనుమంత ఉండి ఏడుస్తా ఉండాది!" అని తిట్టేది. బండి కదిలేది. గుప్పెడు పడేది.

కొండ సంగతి మార్గశిరంలో తేలింది. మదనపల్లెలో మా ఆడబిడ్డ ఉంది, చూసినట్టూ ఉంటుందని నేనూ బయల్దేరాను. నిజానికి నా పుస్తకం మాట నిలబడుతుందో లేదో చూడాలని. ఐసు పెట్టెల్లో వంజరం, రొయ్యలు. పెట్టెల వెనక, నా పట్టు మీద, మా ఒడ్డు ఇసక నింపిన నాలుగు మూటలు. తెలతెలవారుతుండగా భాకరాపేట ఘాటు మొదలైంది. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకు ఆ చలి చలి కాదు, ఎవరో ఒంటి మీద ఐసు గడ్డ రాస్తున్నట్టుంటుంది. మామ నెత్తికి తువ్వాలు, దాని మీద మా ఆయన మంకీ క్యాపు. మలుపు తిరగ్గానే పొగమంచు దిగింది. ముందు రోడ్డు లేదు, వెనక లోయ లేదు, అంతా తెలుపే. నేను "లైటు కిందికి, రెండో గేరు, బ్రేకు మీద కాలు పెట్టొద్దు" అని జపం చేస్తున్నాను. మామ మాత్రం అద్దం దించి చెవి బయట పెట్టాడు. ఎదుటి లారీని కంటితో కాక చెవితో పట్టుకుంటున్నాడు. "సముద్రంలో మంచు పడితే ఇట్నే. కళ్ళని నమ్ముకుంటే మునిగిపోతాం" అన్నాడు. నా పుస్తకం, ఆయన చెవి, రెండూ కలిసి మమ్మల్ని పైకి చేర్చాయి.

తిరుగు ప్రయాణంలో పెట్టెలు ఖాళీ. తడి రోడ్డు, దిగుడు. మాకు ముందు పోతున్న ఖాళీ బండి ఒకటి మలుపులో తోక ఊపి గట్టుకు ఒరుసుకుంది. మాది నాలుగు మూటల బరువుతో రోడ్డును కరుచుకుని దిగింది. నేను గర్వంగా మామ వైపు చూశాను. ఆ గర్వం కొండ దిగేదాకానే. కింద పోలీసులు ఆపారు. "ఇసక ఎక్కడికి తోలుతున్నారు? పర్మిట్ ఉందా?" నేను మంచుదేశాల గురించి, వెనక చక్రాల పట్టు గురించి మొదలుపెట్టాను. పోలీసాయన నన్ను చాలా జాలిగా చూశాడు. మామ దిగి, మూట విప్పి, గుప్పెడు ఇసక ఆయన చేతిలో పోశాడు. "సముద్రం ఇసక సార్. ఉప్పు. దీంతో గోడ కడితే గోడే చెమటలు పడతాది. ఇది మా మేనకోడలు చదువుకున్న ఇసక సార్." వాళ్ళు నవ్వి వదిలేశారు. ఇంటికి చేరేదాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

ఆ మాఘంలోనే అనుకుంటాను, ఒకరోజు మామ ఇంటి వెనక్కి వెళితే ఆ నాలుగు మూటలూ చింతచెట్టు కింద పడి ఉన్నాయి. బండి ఒడ్డున ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఆ మూటలు వెనక వేసుకుని, టైర్లలో గాలి తీస్తే, ఈ చిన్నబండి కూడా చాలా పడవల్ని ఒంటిగానే లాగేస్తుంది. కొండమీద పనిచేసిన బరువు ఒడ్డున పనిచేయదా? ఈ చిన్న లెక్క నాకు ఇంతకాలం తట్టలేదు. అక్షరం రాని మామకు మొదటి రోజే తట్టి ఉంటుంది. ఒడ్డుకు పోయే ముందు ప్రతిరోజూ, కుంటి కాలితో, ఆ మూటల్ని ఒక్కొక్కటే దించి పోతున్నాడు. కొండకు పోయే ముందు మళ్ళీ ఎక్కిస్తున్నాడు. నేను అడిగితే, "అవి కొండకే పాపా" అని, ఆ వెంటనే, "నీ పుస్తకంలో ఉండాదని ఎవురికీ చెప్పబాక" అన్నాడు. నేను చెప్పలేదు. చదివింది చెప్పకుండా ఊరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆరేళ్ళు ఆ బండి అట్లాగే నడిచింది. తర్వాత పడవల వాళ్ళు అందరూ కలిసి ట్రాక్టరు తెచ్చుకున్నారు. దానికి ఎవరూ చెయ్యి వేయక్కర్లేదు. వేస్తే దగ్గరికి రావద్దని కేకలేస్తారు, చక్రాల కింద పడతారని. అది తప్పని నేననను. ఒడ్డున ఇప్పుడు గుప్పెళ్ళు లేవు, గంపలతో కాచుకుని కూర్చునే ముసలివాళ్ళూ లేరు, కొందరికి పింఛను వస్తోంది. కాలాన్ని ఆపడం ఎవరివల్లా కాదని నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఏదో ఒక మూల ఉంది. కానీ పెద్దమ్మ ట్రాక్టరు రావడానికి ముందు ఏడాది, తన బియ్యం తాను వండుకుని, తిన్న కంచం కడిగి బోర్లించి పడుకుని, మరి లేవలేదు. కాలం ఎట్లాగూ వచ్చి తీరుతుంది. మామ దాన్ని ఒక ముసలామె దాటిపోయేదాకా మెత్తని ఇసకలో ఆపి పెట్టాడు, ఆమెకు అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు.